ఐదు వేళ్ళ అనుమానం

ఆ ఆదివారం పొద్దున మునిశంకర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. అక్క ఫోనులో పేరుకుపోయిన గులాబీలు, సూర్యోదయాలు, దేవుళ్ళ బొమ్మలు తుడిచేసి దానికి కాస్త ఊపిరి ఆడేలా చెయ్యాలి. ఆ తర్వాత కడుపునిండా తిని మధ్యాహ్నం దాకా పడుకోవాలి. ఫోను ఇచ్చింది అక్కే. "ఏది నొక్కినా తిరుగుతానే ఉండాది గానీ పని చెయ్యలేదు. స్వల్ప చూడప్పా" అని చేతిలో పెట్టి, ఇడ్లీ పాత్ర దించడానికి వెళ్ళిపోయింది. అందులో దాచుకోవలసినది ఏదైనా ఉందని ఆమెకు తోచనే లేదు.

శశికళకు యాభై నిండాయి. రాబర్ట్‌సన్‌పేటలో ఇంటి ముందు గదే ఆమె తిండి అంగడి. తండ్రి కోలారు బంగారు గనిలో దిగి పనిచేసినవాడు. గని మూతపడిన మరుసటి ఏడే ఆయనా కన్నుమూశాడు. పెళ్ళయిన కొత్తల్లోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి చేరిన శశికళ, బడికి పోయే తమ్ముణ్ణి ఇడ్లీలు అమ్మి చదివించింది. సహకార సంఘంలో వాడికి ఉద్యోగం వచ్చేదాకా, రత్నను వెతికి తెచ్చి వాడికి పెళ్ళి చేసేదాకా తన గురించి ఆలోచించుకునే తీరిక ఆమెకు దొరకలేదు. తీరిక దొరికే వేళకు ఆలోచించుకోవడానికి ఇంకేమీ మిగల్లేదని మునిశంకర్ నమ్మకం. తమ్ముళ్ళ నమ్మకాలు సాధారణంగా ఇలాగే ఉంటాయి.

వచ్చిన చిక్కేమిటంటే, సరిగ్గా ముందురోజే వాళ్ళ సంఘంలో ఆన్‌లైన్ మోసాల మీద ఒక మీటింగు జరిగింది. బెంగుళూరు నుంచి వచ్చిన పెద్దమనిషి ప్రేమ పేరుతో వల వేసేవాళ్ళను గుర్తుపట్టే విధానాన్ని వేళ్ళు ముడిచి చూపించాడు. బొటనవేలు: మనిషి ఎప్పుడూ దూరంలోనే ఉంటాడు. చూపుడు వేలు: పరిచయమైన నాలుగు రోజులకే తేనె పూసిన మాటలు. నడిమి వేలు: ముఖం చూపించమంటే ఏదో ఒక సాకు. ఉంగరపు వేలు: వస్తానంటాడు, తీరా వచ్చే రోజుకు ఏదో అడ్డం. చిటికెన వేలు: ఇంతా అయ్యాక డబ్బు మాట. "ఐదూ ముడుచుకుంటే పిడికిలి. ఆ పిడికిలి మీ నెత్తిన పడకముందే మేలుకోండి" అని ఆయన ముగించగానే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మునిశంకరే. కొత్తగా నేర్చుకున్న విద్య చేతిలో ఉంది. ప్రయోగించడానికి మనిషే దొరకలేదు.

ఇప్పుడు దొరికాడు. పేరు శ్రీరామప్ప, ఊరు ముల్బాగల్ అవతలి రాయల్పాడు. ఏదో వంటల గ్రూపులో మామిడికాయ ఊరగాయకు బూజు పడితే ఏం చెయ్యాలని ఆయన అడిగితే, శశికళ సలహా చెప్పిందట. బూజు వదిలింది గానీ మాటలు వదల్లేదు. ఫోటోలో ఆ మనిషి నల్లకోటు వేసుకుని, వెనక విమానంతో నిటారుగా నిలబడి ఉన్నాడు. విమానం రెక్క దగ్గర గుడ్డ ముడతపడి ఉన్న సంగతి మునిశంకర్ కంట పడలేదు. కంటికి కావలసింది మాత్రమే కనిపించే రోజు అది.

"భార్య పోయి ఆరేండ్లాయ" అని ఒకచోట ఉంది. "మీరు పలకరించిన పొద్దు ఆకు కోసినా అలుపు తెలీదు" అని మరోచోట. మునిశంకర్ బొటనవేలు ముడిచాడు, చూపుడు వేలు ముడిచాడు. అక్క వీడియో కాల్ చేద్దామంటే "ఫోను కెమెరా ఆవు తొక్కింది" అన్నాడు. నడిమి వేలు ముడుచుకుంది. ఇక వస్తానని చెప్పి రాకపోవడం ఒకసారి కాదు. ఒక వారం ఆవు ఈనింది, ఇంకో వారం మామిడికి మందు కొట్టాలి, నిన్న శనివారం మరీ ఘోరంగా "పురుగులు చివరి ఆకు మీదికొచ్చినాయి, ఇల్లు వదిలేదానికి కాదు" అని రాశాడు. పోనీ ఆసుపత్రి, విమానాశ్రయం లాంటి మర్యాదైన సాకులు కాదు. పురుగులట. అంతా తెలుగు మాట, కన్నడ అక్షరం. ఇది కూడా అనుమానించవలసిన విషయమే అనుకున్నాడు. తన ఇంటి సరుకుల చీటీ కూడా అలాగే రాస్తానని గుర్తొచ్చి దాన్ని మాత్రం వదిలేశాడు.

నాలుగు వేళ్ళు ముడుచుకున్నాయి. చిటికెన వేలు ఒక్కటీ నిలబడి ఉంది. ఆ చేతిని అలాగే పట్టుకుని వంటింట్లోకి పోయి భార్యకు చూపించాడు.

రత్న విషయమంతా విని, "పట్టుపురుగులు పెట్టినోళ్ళు నిజంగానే యాడికీ పోలేరు. మా పెద్దమ్మోళ్ళ ఇంట్లో పెండ్లికి కూడా సగం మందే వస్తారు" అంది.

"ఆ మాత్రం తెలిసే రాసినాడు వాడు. పెద్ద దొంగలు లోకల్ విషయాలంతా చదువుకోనే వస్తారు."

"వదిన ఈ మధ్య పాట పాడుకుంటా పిండి రుబ్బుతా ఉండాది. విన్నారా మీరు?"

"అదే గదా భయం" అన్నాడు మునిశంకర్.

అతని భయం అబద్ధం కాదు. ఆ అంగడి మీద వచ్చినదంతా అక్క కష్టం. తన చదువు, తన ఉద్యోగం, ఒంటి మీది చొక్కా, అన్నీ అందులోంచే వచ్చాయి. ఆమెను ఎవడో నవ్వులపాలు చేసి పోతే, ఈ వయసులో ఆమె మళ్ళీ లేచి నిలబడుతుందా? ప్రేమ ఉన్నవాడి చేతికి తెలివి కూడా ఇచ్చి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

"అక్కా, ఫోను డిస్‌ప్లే పోయింది. బెంగుళూరు నుంచి రావల్ల. వారం పడుతుంది" అని చెప్పి తన పాత బటన్ ఫోను ఇచ్చాడు.

"నంబర్లన్నీ దాంట్లోనే ఉండాయి గదప్పా."

"వచ్చినాక చూసుకుందువులే."

శశికళ ఆ బటన్ ఫోనును చేతిలో అటూ ఇటూ తిప్పింది. ఆ రోజు సాంబారులో ఉప్పు పడలేదు. మరుసటి రోజు రెండుసార్లు పడింది.

మునిశంకర్ ఆ రాత్రికే అక్క పేరుతో రంగంలోకి దిగాడు. దొంగ నోటితోనే డబ్బు మాట చెప్పించి ఐదో వేలు ముడవాలి, సాక్ష్యంతో సహా పట్టివ్వాలి, అక్కకు నెమ్మదిగా చెప్పాలి. ఇదీ పథకం. అందుకని చాలాసేపు ఆలోచించి ఇలా రాశాడు: "మీకు ఏదైనా కష్టం ఉంటే దాచుకోవద్దు. డబ్బు సాయం చేస్తాను."

అవతల్నుంచి చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. మరునాడు సాయంత్రం జవాబు వచ్చింది. "మీరెందుకు నాకు డబ్బు ఇస్తారు?" కాసేపటికి ఇంకొకటి. "ఎంత ఇస్తారు?"

మునిశంకర్ చిటికెన వేలు ముడుచుకుంది. రత్న చూస్తే బాగుండునని పిడికిలి పైకెత్తాడు గానీ ఆమె బట్టలు ఆరవేస్తోంది.

"మీ బ్యాంకు వివరం పంపండి" అని రాశాడు. "ముందు మీ వివరం పంపండి" అని వచ్చింది. "మీరే ముందు" అన్నాడు. "మీరే" అని వచ్చింది. పెళ్ళి పందిట్లో తాంబూలం తీసుకోమని ఒకరినొకరు బతిమాలుకున్నట్టు రెండు రోజులు ఇలాగే నడిచింది. నడుమ అటువైపు నుంచి "మీ ముఖం చూడాల" అని అడిగితే, మునిశంకర్ మీసం తడుముకుని "నాకు జలుబు" అని రాశాడు. ఇతను ముఖం చూపించమంటే అటువైపు కెమెరాను మళ్ళీ ఆవు తొక్కింది. "ఈ మధ్య మీ మాట తీరు మారింది" అని వచ్చినప్పుడు మాత్రం ఒళ్ళు చల్లబడింది. "మీది కూడా" అని రాసి తప్పించుకున్నాడు. నిజానికి ఆ ఒక్క మాటను ఇద్దరూ కాస్త నిలబడి ఆలోచించి ఉండాల్సింది.

చివరికి బోనులోకి రప్పించడమే మంచిదని తేల్చుకుని "శుక్రవారం కోలారు బస్టాండుకు రండి. ఆకుపచ్చ చీర కట్టుకోని పూలంగడి ముందర ఉంటాను" అని రాశాడు. ఏ పురుగో అడ్డం వస్తుందనుకున్నాడు. "కోటు వేసుకోని వస్తాను" అని వెంటనే వచ్చింది. తొందరపాటు కూడా దొంగ లక్షణమే అనుకున్నాడు.

ఒంటరిగా పోవడం మంచిది కాదని పక్కింటి పాండుకు చెప్పాడు. పాండు హోంగార్డు. నోరు తప్ప మిగతావన్నీ కాపలా కాయగలడు. "మచ్చా, నేను యూనిఫారంలో వస్తా. ఒక్కడికీ చెప్పను" అన్నాడు. శుక్రవారం పొద్దున టెంపో ఎక్కబోయేసరికి అందులో అప్పటికే పదిమంది కూర్చుని ఉన్నారు. అందరూ శశికళ అంగడిలో రోజూ తినేవాళ్ళే. గనిలో మేస్త్రిగా చేసి రిటైరైన పిల్లప్ప ఒడిలో తాడు పెట్టుకుని కూర్చున్నాడు.

"తాడెందుకు తాతా?"

"విమానమోడు అంటిరి గదా. ఎగిరిపోతే?" అన్నాడు పిల్లప్ప. "ఆ పిల్ల పెట్టిన ఇడ్లీ తిని బతికిన ఒళ్ళప్పా ఇది. దానికి అన్యాయం చేసినోణ్ణి నేనే కట్టేస్తా."

అంతకు కాస్త ముందే శశికళ అంగడికి సెలవు పెట్టి, "ఆవని గుడికి పోయొస్తాను. మొక్కుబడి ఉండాది" అని చెప్పి బయల్దేరింది. ఇంటి నుంచి ఆమె అలా ఒంటరిగా బయల్దేరడం మునిశంకర్‌కు కలిసొచ్చింది. ఎందుకు బయల్దేరిందని అడిగే తీరిక అతనికి లేదు.

కోలారు బస్టాండులో పూలంగడి ముందు కోటు వేసుకున్నవాడు ఎవడూ లేడు. టమోటా బుట్టల మధ్య నిలబడి మునిశంకర్ చూపులు నాలుగు దిక్కులా పరిచాడు. పక్కన ముప్పై ఏళ్ళ ఆడమనిషి ఒకామె భుజానికి సంచి తగిలించుకుని, వచ్చే పోయే చీరలన్నీ పరీక్షగా చూస్తోంది. ఈమె బట్టల వ్యాపారం మనిషి కాబోలు అనుకున్నాడు.

"వచ్చినారా?" అని రాశాడు.

"వచ్చినాను. మీరు యాడ?" అని జవాబు.

"పూలంగడి ముందర."

"నేనూ ఆడే ఉండాను. మీరు లేరు."

ఇక లాభం లేదని మొదటిసారి ఆ నంబరుకు ఫోను చేశాడు. పక్కనున్న ఆమె సంచిలో ఫోను మోగింది. ఆమె దాన్ని బయటికి తీసి, తెర చూసి, తల తిప్పి, ఇతని చెవి దగ్గరున్న ఫోను చూసింది. ఆ వెంటనే ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకున్నారు.

"దొరికినావు. నువ్వేనా శ్రీరామప్ప?" అన్నాడు మునిశంకర్.

"దొరికింది నువ్వు. నువ్వేనా శశికళ?" అంది ఆమె.

ఒకరికి జడ, ఒకరికి మీసం ఉన్నాయి కాబట్టి రెండు ప్రశ్నలకూ కాదనే జవాబని చుట్టూ ఉన్నవాళ్ళకు తెలుస్తూనే ఉంది. కానీ వాళ్ళను ఎవరూ అడగలేదు. ఇటునుంచి పాండు, పిల్లప్ప తాడు, ఇడ్లీ బృందమంతా వచ్చి చుట్టుముట్టారు. అటునుంచి, టమోటా లారీల వెనక ఆగి ఉన్న ఇంకో టెంపోలోంచి పాలసంఘం మగవాళ్ళు ఇద్దరు, ఆకు కోసే కత్తులు నడుముకు దోపుకున్న కూలి ఆడవాళ్ళు అరడజను మంది దిగారు. ఎవరిని కట్టెయ్యాలో తేలక పిల్లప్ప తాడు విప్పుతూ చుడుతూ ఉండిపోయాడు. చివరికి బస్టాండు చౌకీ నుంచి హెడ్‌కానిస్టేబుల్ ఓబలప్ప వచ్చి, ఆ ఇద్దరినీ లోపల కూర్చోబెట్టి, మిగతా ఊరేగింపును బయట నిలబెట్టాడు.

ఆమె పేరు సవిత. శ్రీరామప్ప కూతురు. అదే ఊళ్ళో అత్తవారిల్లు, పాలసంఘంలో ఉద్యోగం.

"మా సంఘంలో పోయిన శుక్రవారం మీటింగు పెట్టినారు సార్. బెంగుళూరు నుంచి ఒకాయన వచ్చి మోసాలు ఎట్ల గుర్తుపట్టేదో చెప్పినాడు."

మునిశంకర్ నెమ్మదిగా అడిగాడు. "వేళ్ళ మీద చెప్పినాడా?"

"ఐదు వేళ్ళ మీద."

"పిడికిలి?"

"నెత్తిన పడుతుంది అన్నాడు."

మునిశంకర్ తన చేతిని మెల్లగా బల్ల కిందికి దించుకున్నాడు. సవితే మళ్ళీ మొదలుపెట్టింది. "ఆదివారం నాయన ఫోను చూస్తే ఈ శశికళ. ఫోటో చూస్తే పూల జడ, పక్కన ప్లాస్టిక్ పూల కుండ. అంత చక్కని ఆమె మా నాయనతో ఎందుకు మాట్లాడుతుంది అనుకుంటిని. ఫోను నీళ్ళలో పడిందని నాయనకు చెప్పి నేనే రాస్తా వస్తిని. అడగకుండానే డబ్బు ఇస్తానంటే మోసం కాక ఇంగేమి సార్?"

"ఆ ఫోటో మా అక్కదే. పాతికేండ్ల కింద తీసింది" అన్నాడు మునిశంకర్. అక్కను అందగత్తె అన్నందుకు పొంగాలో, దొంగ అన్నందుకు కోప్పడాలో అతనికి తేలలేదు. "ఆ డబ్బు మాట రాసింది నేను. మీ నాయన విమానం ముందర నిలబడితే ఏమనుకోవల్ల?"

"అది ఆవని జాతరలో ఫోటో అంగడి పరదా. కోటు కూడా వాళ్ళదే."

ఓబలప్ప రెండు ఫోనులూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని, కళ్ళద్దాలు సర్దుకుని మొదటినుంచీ చదివాడు. చదువుతూ ఒకటి రెండుచోట్ల ఆగి కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఇదో వినండి," అన్నాడు. "'ఈ పొద్దు పిండి పులవలేదు, మీరు అన్నం తిన్నారా?' అని ఈమె. 'తిన్నాను. ఒక్కణ్ణే తింటే ఉప్పూ కారం తెలీదు' అని ఆయన. ఎనిమిది నెలల నుంచి ఇదే రాసుకున్నారు. డబ్బు మాట లేదు, వస్తువు మాట లేదు, గుట్టు మాట లేదు. ఆదివారం దాకా ఈ రెండు ఫోనుల్లో ఒక్క మోసం లేదప్పా. ఆదివారం నుంచి చూస్తే ఇద్దరు మోసగాళ్ళు కనిపిస్తా ఉండారు. వాళ్ళిద్దరూ నా ముందరే కూర్చోని ఉండారు. ఎవుర్ని లోపల పెట్టల్లో మీరే చెప్పండి."

మునిశంకర్ తల వంచుకున్నాడు. అక్క ఆ మాటలు చదువుకుంటూ పాట పాడుకుని ఉంటుంది. ఆ పాట ఆగిపోయి ఐదు రోజులైంది, ఆపింది తాను. సాంబారులో ఉప్పు లేదని ఆమెతోనే చెప్పాడు కూడా.

ముందు అక్కకు చెప్పాలని బటన్ ఫోనుకు చేస్తే, ఆమె దాన్ని ఇంట్లోనే వదిలిపోయినట్టుంది, రత్న తీసింది.

"వదిన గుడికి పోలేదు. రాయల్పాడు పోయింది. పొద్దున ముల్బాగల్ బస్సు ఎక్కించింది నేనే" అంది చాలా తాపీగా. "ఆయన దగ్గర్నుంచి ఐదు రోజులుగా మాట లేదు గదా అని ఒకటే బాధ. పురుగులు పెద్దవైన సమయం, ఒంటరి మనిషి, ఒంట్లో ఏమైందో అని ఏడ్చింది. నంబరు లేకపోతే ఏమి, ఊరు ఉండాది గదా, పోయి చూసి రా అంటిని."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు వేళ్ళు ముడుస్తారు."

అక్క రాయల్పాడు పోయిందని మునిశంకర్ చెప్పగానే సవిత కూర్చున్నచోటు నుంచి లేచి నిలబడింది. అయితే ఆమె భయం వేరు. "ఇంట్లో నాయన ఒక్కడే ఉండాడు. పురుగులు రేపు పండి పట్టుగూడు కట్టేదానికి వస్తాయి అనుకుంటిని. ఈ ఎండకు ఈ పొద్దే పండినాయేమో. పండిన గంటల్లోనే ఏరి గూడు తట్టల మీదికి వెయ్యల్ల. లేదంటే పంటంతా పాడు. కూలోళ్ళను అందర్నీ నేనే టెంపోలో ఎక్కించుకోని వచ్చినాను."

"మరి ఇంగా ఈడ ఏమి చేస్తా ఉండారు?" అన్నాడు ఓబలప్ప.

రెండు టెంపోలూ ఒకదాని వెనక ఒకటి రాయల్పాడు దారి పట్టాయి. తిరిగి వెళ్ళిపోతామని ఎవరూ అనలేదు. అంత దూరం వచ్చి దొంగను చూడకుండా పోవడం పిల్లప్పకు ఇష్టం లేదు. దొంగ లేడని చెప్పినా ఆయన పెద్దగా పట్టించుకోలేదు. దారిలో సవిత మునిశంకర్‌తో చెప్పింది. "మీ అక్కను నాయన లోపలికి కూడా పిలవడు. ఏమనుకోవద్దు. పురుగుల ఇంట్లోకి బయటోళ్ళను ఎవుర్నీ రానీడు. రోగం వస్తుందని కొంచెం, దిష్టి అని కొంచెం. మా అత్త వచ్చినా వాకిట్లోనే కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి పంపించినాడు."

అంటే అక్క అంత దూరం పోయి, ఎండలో వాకిట్లో ఒంటరిగా కూర్చుని ఉంటుంది. మునిశంకర్ దారి పొడవునా డ్రైవరును తొందరపెట్టాడు.

వాకిట్లో ఎవరూ లేరు. మల్బరీ ఆకు మోపు ఒకటి సగం విప్పి పడి ఉంది. పురుగుల ఇంటి గడప ముందు, సున్నం చల్లిన చోట, శశికళ చెప్పులు ఉన్నాయి. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల్నుంచి వాన చినుకుల్లాంటి చప్పుడు వస్తోంది. పురుగులు ఆకు తినే చప్పుడు అది. దాని మీదుగా అక్క గొంతు వినిపించింది.

"ఇది పండింది, ఇది ఇంగా పండలేదు. మీరు రెండూ ఒకటే తట్టలో వేస్తా ఉండారు. కంట్లో నీళ్ళు తుడుచుకోని చూడండి."

"కంట్లో నీళ్ళు కాదమ్మా, చెమట."

"సరే, చెమట తుడుచుకోండి."

సవిత గడప దగ్గరే ఆగిపోయింది. లోపల బనీనూ తుండుగుడ్డా తప్ప ఏ కోటూ లేని పొట్టి మనిషి, తేనె రంగుకు తిరిగిన పురుగులను రెండు చేతులా ఏరుతున్నాడు. ఆయనకు ఎదురుగా చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఇడ్లీ పిండిలో తిరిగిన చేతుల వేగంతో శశికళ వాటిని వెదురు తట్టల మీద పరుస్తోంది. సగం పంట అప్పటికే తట్టలెక్కింది.

"మా అమ్మ పోయినాక ఈ గడప దాటి లోపలికి పోయినోళ్ళు నేనూ, కూలోళ్ళూ, అంతే" అంది సవిత చిన్నగా. కొంగుతో ముఖం ఒత్తుకుని, కాళ్ళు కడుక్కుని, కూలివాళ్ళను వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళింది.

అక్కను చూడగానే మునిశంకర్ చెప్పులు విడిచాడు. "అక్కా" అని ఒక అడుగు ముందుకు వేశాడు. శశికళ తల తిప్పి చూసింది. ఆమె ముఖం అంత తేటగా ఉండటం అతను ఎప్పుడు చూశాడో జ్ఞాపకం రాలేదు.

"ఆడే నిలబడప్పా," అందామె. "బయటోళ్ళు లోపలికి రాగూడదు."

మునిశంకర్ సున్నం గీత అవతలే నిలబడిపోయాడు. తనను పెంచిన చేతులు తనను ఆపడం అదే మొదటిసారి. గుండెలో ఒకపక్క చురుక్కుమంది. రెండో పక్క, ఐదు రోజులుగా పట్టి ఉన్న రాయి ఏదో దొర్లిపోయినట్టయింది. ఏ పక్క ఎక్కువో తేల్చుకోలేక అక్కడే కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. పాండు కూడా తోడుగా తుడుచుకున్నాడు.

లోపల పని ఒక దారికి వచ్చాక శ్రీరామప్ప బయటికి వచ్చాడు. అప్పటికి సవిత జరిగినదంతా చెప్పేసినట్టుంది. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ మునిశంకర్ ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పాలో తెలియక ఇద్దరూ ఒకేసారి గొంతు సవరించుకున్నారు.

"ఆమె వాకిట్లోకి వచ్చి ఇడ్లీ అంగడి అని చెప్పినారు," అన్నాడు శ్రీరామప్ప. "పురుగు అప్పుడే పండతా ఉండె. మర్యాదకు నీళ్ళన్నా ఇయ్యలేదు. కాళ్ళు కడుక్కోని లోపలికి రండమ్మా అంటిని. అంతే మేము మాట్లాడింది."

"ఇంతసేపూ ఏమీ మాట్లాడుకోలేదా?"

"యాడప్పా పొద్దు?" ఆయన ఒకసారి వెనక్కి తిరిగి చూసి, గొంతు తగ్గించాడు. "ఒక మాట అడిగినాను. నా దగ్గర ఉండిపోతారా అని. ఆమె తమ్ముణ్ణి అడగమనింది. వానికి నేనంటే ప్రాణం, వాడు ఊ అనకపోతే నాకు నిద్ర పట్టదు అనింది."

అంత మూర్ఖుడిగా తేలిన రోజున కూడా అక్క తన మాట కోసం ఆగి ఉంది. మునిశంకర్ శ్రీరామప్ప చేతులు రెండూ పట్టుకుని ఊపాడు. ఆ చేతులు ఆకు కోసి కోసి గరుకు తేలి ఉన్నాయి. కాసేపటికి ఏదో అనాలి కదా అని "అక్క అంగడి?" అన్నాడు.

లోపల్నుంచి జవాబు వచ్చింది. "రత్న చూసుకుంటాది. నువ్వు ఇంగ తొందరగా లేచి పిండి రుబ్బు. సరే గానీ నా ఫోను డిస్‌ప్లే వచ్చిందా?"

"వచ్చింది అక్కా."

"అరుగు మీద పెట్టు, తర్వాత చూస్తాను. పెద్దమనుషుల్లారా, మాటలు అయినాయా?"

"అయినాయమ్మా" అన్నాడు శ్రీరామప్ప కంగారుగా.

సవిత తలుపులోంచి ఖాళీ తట్టలు బయటికి అందించింది. ఒకటి పిల్లప్పకు, ఒకటి పాండుకు, రెండు మునిశంకర్‌కు. "కడిగి ఎండలో పెట్టు మామా. చేతులు ఊరికే ఉంటే మళ్ళీ ఏదన్నా లెక్క పెడతావు" అంది.

ఆ తాలూకాలో పెళ్ళి మాటలు అంత తొందరగా తేలిపోయిన ఇల్లు మరొకటి లేదు. పురుగులు పండిన రోజున బెట్టు చెయ్యడానికి ఆడపెళ్ళివారికైనా తీరిక ఉండదు.